హైబ్రిడ్ కారు: రెండు పద్ధతులలో మనకేది తగినది?

"హైబ్రిడ్" అను మాట మన ధర్మపురి సీమ రైతునకు క్రొత్తది కాదు. పాలకోడు ప్రాంతమున టమాట పండించువారు హైబ్రిడ్ విత్తనమును ఎన్నో యేండ్లుగా ఎరుగుదురు. రెండు జాతుల గుణములను ఒక్క మొక్కలో కూర్చినచో దానిని సంకర జాతి యందుము. ఇప్పుడా మాట పొలమునుండి రహదారి కెక్కినది. పెట్రోలుతో నడుచు ఇంజనును, విద్యుత్తుతో నడుచు మోటారును ఒక్క బండిలో కూర్చినచో అది హైబ్రిడ్ కారు.

2022వ సంవత్సరమున కొలది మాసముల వ్యవధిలో ఇట్టి కార్లు రెండు మన దేశపు విపణికి వచ్చినవి. మే నెలలో హోండా వారి సిటీ ఈ:హెచ్ఈవీ వెలువడినది. సెప్టెంబరు నాటికి టొయోటా వారి అర్బన్ క్రూజర్ హైరైడర్ వెలువడినది. మొదటిదాని ధర అప్పుడు 19 లక్షల 49 వేలు. రెండవదానిలో హైబ్రిడ్ రకముల ధర 15 లక్షల 11 వేలు మొదలుకొని 18 లక్షల 99 వేల వరకు ఉండినది. ఇవి దుకాణపు ధరలు మాత్రమే. రిజిస్ట్రేషను, భీమా మొదలగు ఖర్చులు వేరు.

మా పాఠశాలకు పిల్లలను పంపు తల్లిదండ్రులలో వాహనము నడిపి జీవించువారు కలరు. వారమునకొక మారు బెంగుళూరు పోయి వచ్చు వర్తకులు కలరు. హోసూరు కర్మాగారములలో పనిచేయువారును కలరు. ఇట్టి కుటుంబములలో కారు కొనుట యనగా కొన్ని సంవత్సరముల సంపాదనను ముందుగనే వ్రాసి యిచ్చుట. అట్టి నిర్ణయమును ప్రకటనలోని ఒక్క సంఖ్యను చూచి చేయరాదు. ఈ బండ్లు ఎట్లు పని చేయును, వీని వలన నిజముగా ఎంత మిగులును, రెండింటిలో ఎవరికేది తగును అను మూడు విషయములను ఈ వ్యాసమున వివరింప దలచితిమి. తెలిసిన దానినుండి తెలియని దానికి పోవలెనని, ఆంధ్రదేశమున శిక్షణ పొందు దినములలో మాకు నేర్పిరి. ఆ మార్గముననే పోవుదము.

ఇంజను ఎక్కడ వ్యర్థము చేయును?

పెట్రోలు ఇంజను అన్ని వేళల ఒకే నేర్పుతో పని చేయదు. తగినంత బరువును, తగిన వేగముతో లాగునప్పుడు పెట్రోలులోని శక్తిలో సుమారు మూడవ వంతును చలనముగా మార్చగలదు. మిగిలినదంతయు వేడియై పోవును. అదే యింజను ఊరి వీధులలో మెల్లమెల్లగా కదలునప్పుడు దాని నేర్పు చాల తగ్గిపోవును. కూడలిలో బండి నిలిచియుండగా ఇంజను తిరుగుచున్నచో పెట్రోలు ఖర్చగును గాని ఒక్క అడుగైనను ముందుకు సాగదు. అప్పుడు దాని నేర్పు శూన్యము.

వ్యర్థమగు చోటు మరియొకటి కలదు. పెట్రోలు కాల్చి బండికి వేగము తెత్తుము. మరుక్షణమే ఎదుట ఆవు అడ్డమువచ్చిన బ్రేకు వేయుదుము. అంత శ్రమించి తెచ్చిన వేగమంతయు బ్రేకు పలకల యొద్ద వేడియై గాలిలో కలియును. బెంగుళూరులో సిల్కుబోర్డు కూడలి దాటినవారికి ఈ రెండు వ్యర్థములును చక్కగా తెలియును.

హైబ్రిడ్ బండి ఈ రెండింటిని అరికట్టుటకే పుట్టినది. బండి నిలిచినప్పుడు ఇంజను ఆగిపోవును. మెల్లగా కదలునప్పుడు మోటారు లాగును. బ్రేకు వేయునప్పుడు ఆ మోటారే జనరేటరుగా మారి విద్యుత్తును పుట్టించి బ్యాటరీకి పంపును. సైకిలు డైనమో ఎరిగిన పెద్దలకు ఇది సులభముగా బోధపడును. డైనమోను చక్రమునకు ఆనించినంతనే దీపము వెలుగును, త్రొక్కుట బరువగును. ఆ బరువే ఇచ్చట బ్రేకు. దీపమునకు బదులు బ్యాటరీ నిండును.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలెను. ఈ రెండు కార్లను గోడకు తగిలించి ఛార్జి చేయుట లేదు, చేయ నక్కరయు లేదు. కనుక ఇవి ఊరక వచ్చిన కరెంటుతో నడుచుననుట సరికాదు. వీని బ్యాటరీలోని శక్తి యంతయు మొదట పెట్రోలునుండి వచ్చినదే. పోవలసిన దానిలో కొంత తిరిగి పట్టుకొనుటయే వీని గొప్పతనము.

ఈ యాలోచన నేటిది కాదు. జర్మను భాషీయుడైన ఫెర్డినాండ్ పోర్షె 1900 సంవత్సరముననే ఇంజనుతో విద్యుత్తు పుట్టించి ఆ విద్యుత్తుతో చక్రములను త్రిప్పు బండిని నిర్మించెను. పెద్ద యెత్తున తయారయి అమ్మకమునకు వచ్చిన మొదటి హైబ్రిడ్ కారు టొయోటా ప్రియస్. అది 1997 డిసెంబరులో జపానున వెలువడినది. 1999లో హోండా ఇన్‌సైట్ వెలువడి దానికి పోటీ యయ్యెను. మన దేశమునకు 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ వచ్చినవి గాని, దిగుమతి సుంకముల భారము వలన ధర మిక్కుటమై సామాన్యుల యొద్దకు చేరలేదు. అనగా ఈ రెండు కంపెనీల పోటీ పాతిక సంవత్సరములకు పైబడినది. ఇరువురి దారులును వేరు.

టొయోటా పద్ధతి: కాడికి కట్టిన జత

రెండు ఎడ్లను ఒకే కాడికి కట్టి దున్నునప్పుడు ఒకటి అలసిన రెండవది ఎక్కువ లాగును. బరువైన నేల వచ్చిన రెండును కలిసి లాగును. టొయోటా పద్ధతి ఇట్టిది. ఇంజనును మోటారును చక్రములకు ఒకేసారి బలము చేర్చగలవు.

ఆ కాడి ఏది? అది పండ్ల చక్రముల కూర్పు. నడుమ ఒక చిన్న చక్రముండును. దానిని సూర్యచక్రమందురు. దాని చుట్టును తిరుగు చక్రములు గ్రహచక్రములు. వీనినన్నిటిని చుట్టి, లోపలివైపున పండ్లు గల పెద్ద వలయ మొకటి యుండును. గ్రహచక్రములను పట్టియుంచు చట్రమును ఇంజను త్రిప్పును. సూర్యచక్రము జనరేటరునకు కలిపి యుండును. వలయము బండి చక్రముల వైపునకు కలిపి యుండును. మోటారు బలమును ఆ వైపుననే చేరును. కనుక ఇంజను బలములో ఒక భాగము తిన్నగా చక్రములకు పోవును, మరియొక భాగము విద్యుత్తుగా మారును. జనరేటరు వేగమును మార్చిన కొలది ఇంజను తనకు అనువైన వేగమున తిరుగ గలదు. అందువలన ఒకటవ గేరు, రెండవ గేరు అను మెట్లు దీనికి లేవు, క్లచ్చి పెడలు లేదు.

హైరైడర్ హైబ్రిడ్‌లో 1490 ఘన సెంటీమీటర్ల, మూడు సిలిండర్ల ఇంజను కలదు. ఇంజను, మోటారు కలిసి ఇచ్చు బలము సుమారు 116 అశ్వశక్తులు. బ్యాటరీ పరిమాణము 0.76 యూనిట్లు. మన యింటి మీటరులోని యూనిట్‌తో పోల్చిన ఎంత చిన్నదో తెలియును. ఈ యంత్రముతోనే మారుతి సుజుకి వారి గ్రాండ్ విటారా హైబ్రిడ్ కూడ వచ్చినది. ఈ రెండును బెంగుళూరు, మైసూరు దారిలోని బిడది కర్మాగారముననే తయారయి వెలువడినవి. కనుక వీని నడుమ ఎన్నిక రూపమును, ధరను, మరమ్మతు కేంద్రమును బట్టి చేయవలసినదే గాని యంత్రమును బట్టి కాదు.

హోండా పద్ధతి: విద్యుత్తు పుట్టించు ఇంజను

మన పల్లెలలో బావి నీరు తోడుటకు డీజిలు ఇంజనులు రెండు విధములుగా వాడుదురు. ఇంజనునకు బెల్టు తగిలించి పంపును తిన్నగా త్రిప్పుట ఒక విధము. ఇంజనుతో జనరేటరును నడిపి, ఆ విద్యుత్తుతో మోటారు పంపును త్రిప్పుట రెండవ విధము. హోండా పద్ధతి ఎక్కువ భాగము రెండవ విధమును పోలినది. మన ధర్మపురి మీదుగా చిరకాలము రైళ్లను లాగిన డీజిలు ఇంజనులలోను ఇదే ధర్మము. లోపల డీజిలు ఇంజను జనరేటరును త్రిప్పును, చక్రములను లాగునవి విద్యుత్ మోటారులు.

సిటీ ఈ:హెచ్ఈవీలో 1498 ఘన సెంటీమీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజనుతో పాటు రెండు విద్యుత్ యంత్రములు కలవు. ఒకటి జనరేటరు, రెండవది బండిని లాగు మోటారు. ఊరిలో నడచునప్పుడు మోటారే లాగును. బ్యాటరీలో శక్తి చాలనప్పుడు ఇంజను తిరిగి విద్యుత్తును పుట్టించి పంపును. రహదారిపై నిలుకడగా వేగముతో పోవునప్పుడు మాత్రము ఒక క్లచ్చి దానంతట అదే కలిసి ఇంజనును తిన్నగా చక్రములకు జోడించును. ఏలయన, అట్టి వేగమున ఇంజను స్వయముగనే నేర్పుతో పని చేయును. చలనమును విద్యుత్తుగా, విద్యుత్తును మరల చలనముగా మార్చినచో నడుమ కొంత నష్టమగును. ఈ బండి మొత్తపు బలము 126 అశ్వశక్తులు.

రెండు బండ్లలోను ఇంజను పని చేయు తీరునకు ఆట్కిన్‌సన్ చక్రమని పేరు. జేమ్స్ ఆట్కిన్‌సన్ అను ఆంగ్లేయుడు 1880 దశకమున కనిపెట్టిన ధర్మమిది. లోపల మండిన వాయువు ఎక్కువ దూరము వ్యాపించి, తన శక్తిని ఎక్కువగా ఇచ్చిన పిదపనే బయటికి పోవును. దీని వలన పెట్రోలు మిగులును గాని ఎత్తుకొను బలము కొంత తగ్గును. ఆ కొరతను మోటారు తీర్చును. ఒకరి లోపమును మరియొకరు పూరించుట ఈ కూర్పునకు ప్రాణము.

పేరును చూచి మోసపోరాదు

కొనువారు మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన చోటు ఇది. హైబ్రిడ్ అను మాటను రెండు వేర్వేరు వస్తువులకు వాడుచున్నారు. పైన చెప్పిన రెండును పూర్ణ హైబ్రిడ్‌లు. ఇవి కొంత దూరము కేవలము మోటారుతోనే నడువగలవు. మరియొక రకమునకు మైల్డ్ హైబ్రిడ్ అని పేరు. అందులో ఒక చిన్న మోటారు ఇంజనుకు ఊతమిచ్చును, ఆగిన ఇంజనును మరల నడిపించును. అంతేగాని తానుగా బండిని లాగలేదు.

హైరైడర్ అను ఒక్క పేరుతోనే, ఒక్క రూపముతోనే ఈ రెండు రకములును వెలువడినవి. మొదటిదానికి ప్రకటించిన మైలేజి లీటరుకు 27.97 కిలోమీటర్లు. రెండవదానిలో దానంతట గేరు మార్చుకొను రకమునకు 20.58 మాత్రమే. కనుక దుకాణమున "ఇది హైబ్రిడ్ బండియేనా?" అని అడుగుట చాలదు. "ఇంజను ఆగియుండగా ఈ బండి మోటారుతోనే కదలునా?" అని అడుగవలెను. కదలును అన్నచో నడిపించి చూపుమని కోరవలెను.

ఇంతకు ఈ మైలేజి సంఖ్యలు ఎక్కడివి? వీనిని బండిని దొరలు యంత్రము మీద నిలిపి, నిర్ణీతమైన వేగములతో నడిపి కొలుతురు. అచ్చట ఎండ లేదు, గుంట లేదు, ఎత్తు లేదు, నలుగురు మనుష్యులును వారి మూటలును లేవు. బండ్లను ఒకదానితో ఒకటి పోల్చుటకు ఆ సంఖ్య పనికివచ్చును. మన దారిలో అంతే వచ్చునని నమ్ముటకు పనికిరాదు.

తొప్పూరు కనుమలో ఏమి జరుగును?

బెంగుళూరునుండి సేలమునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి మొత్తము మీద దిగుచునే వచ్చును. ధర్మపురి దాటిన పిమ్మట తొప్పూరు కనుమ వచ్చును. లారీల ప్రమాదములకు అది పేరుపడిన చోటని మన జిల్లాలో ఎరుగనివారు లేరు. ఇట్టి దిగుడులో హైబ్రిడ్ బండి ఏమి చేయునో విద్యార్థులు లెక్క కట్టవచ్చును.

మనుష్యులతో కలిపి బండి బరువు 1500 కిలోగ్రాములు అనుకొందము. అది 100 మీటర్ల ఎత్తునుండి దిగినదనుకొందము. ఎత్తున నున్న వస్తువు శక్తి దాని ద్రవ్యరాశి, గురుత్వ త్వరణము, ఎత్తు అను మూడింటి లబ్ధము.

1500 × 9.8 × 100 = 14,70,000 జౌళ్లు.

ఒక యూనిట్ విద్యుత్తు 36 లక్షల జౌళ్లు గనుక ఇది సుమారు 0.41 యూనిట్. గాలి తాకిడికిని, టైర్ల రాపిడికిని కొంత పోగా మిగిలినది బ్యాటరీకి చేరును. హైరైడర్ బ్యాటరీ మొత్తము 0.76 యూనిట్లే. బ్యాటరీ చెడకుండుటకై అందులోను అడుగంట వాడరు, అంచువరకు నింపరు. కనుక దీర్ఘమైన దిగుడులో బ్యాటరీ త్వరగనే నిండిపోవును. అటుపిమ్మట పట్టుటకు చోటు లేదు.

అప్పుడు బండిని ఆపునది ఏది? సాధారణమైన బ్రేకులు, ఇంజను ఒరపిడియు మాత్రమే. కనుమ దిగునప్పుడు తక్కువ గేరులో పోవలెనని లారీ నడుపు పెద్దలు చెప్పు మాట ఇచ్చటను వర్తించును. ఈ రెండు బండ్లలోను అందులకై "బి" అను స్థానము కలదు. దానిలో ఉంచినచో వేగము అదుపులో నుండును, బ్రేకులు వేడెక్కకుండును. హైబ్రిడ్ బండి గదా, అదే చూచుకొనునని నిర్లక్ష్యముతో ఎడతెగక బ్రేకు త్రొక్కుచు దిగుట ప్రమాదకరము.

లెక్క వేసి చూడవలెను

ఇప్పుడు డబ్బు మాట. పెట్రోలు ధర లీటరుకు 100 రూపాయలని లెక్క సులభముగా నుండుటకు తీసికొందము. 2022లో హైరైడర్ మేలిరకములో పూర్ణ హైబ్రిడ్ ధర 18 లక్షల 99 వేలు. అదే మేలిరకములో గేరు దానంతట మార్చుకొను మైల్డ్ హైబ్రిడ్ ధర 17 లక్షల 9 వేలు. తేడా 1 లక్ష 90 వేలు. ఈ తేడా పెట్రోలు రూపమున ఎప్పటికి తిరిగి వచ్చును?

మొదటి కుటుంబము సంవత్సరమునకు 10,000 కిలోమీటర్లు తిరుగునను కొందము. ప్రకటిత మైలేజి ప్రకారము మైల్డ్ రకమునకు 486 లీటర్లు, పూర్ణ రకమునకు 358 లీటర్లు కావలెను. మిగులు 128 లీటర్లు, అనగా సంవత్సరమునకు 12,800 రూపాయలు. 1 లక్ష 90 వేలు తిరిగి వచ్చుటకు దాదాపు 15 సంవత్సరములు పట్టును. ఆ అధిక ధరను నూటికి 9 వంతున అప్పు తెచ్చినచో, మొదటి సంవత్సరమున ఆ భాగమునకు వడ్డీయే సుమారు 16,000 రూపాయలగును. మిగులుకంటె వడ్డీ ఎక్కువ! ఇట్టి కుటుంబము పెట్రోలు మిగులునను ఆశతో మాత్రమే హైబ్రిడ్‌ను కొనుట తగదు.

రెండవ కుటుంబము బండిని జీవనోపాధిగా నడుపుచు సంవత్సరమునకు 40,000 కిలోమీటర్లు తిరుగునను కొందము. అప్పుడు మిగులు నాలుగింతలై 51,200 రూపాయలగును. నాలుగేండ్లు నిండకమునుపే తేడా తీరును. అటుపిమ్మట వచ్చునదంతయు లాభము.

మూడవ కుటుంబము 10,000 కిలోమీటర్లే తిరుగును గాని ఎక్కువ భాగము బెంగుళూరు వీధుల రద్దీలోనే. అచ్చట మైల్డ్ రకము లీటరుకు 11, పూర్ణ రకము 20 కిలోమీటర్లు ఇచ్చునని మాటవరుసకు అనుకొందము. అప్పుడు మిగులు 409 లీటర్లు, అనగా 40,900 రూపాయలు. అయిదేండ్ల లోపుగా తేడా తీరును. ఒకే బండి, ఒకే ధర. ఒక యింటికి నష్టము, మరియొక యింటికి లాభము. భేదము బండిలో లేదు, దారిలోను తిరుగు దూరములోను కలదు.

పన్నుల సంగతియు కొంత తెలిసికొనవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి అమలైన మార్పు వలన, నాలుగు మీటర్లకు మించిన పొడవు గల ఇట్టి హైబ్రిడ్ కార్లపై వస్తు సేవల పన్ను నూటికి 40 అయినది. అంతకుముందు సెస్సుతో కలిపి 43గా ఉండినది. కేవలము విద్యుత్తుతో నడుచు కార్లకు నూటికి 5 మాత్రమే. కనుక పైన చూపిన ధరలు 2022 నాటివని గమనించి, కొనునాటి ధరలతో ఈ లెక్కనే మరల వేసికొనవలెను.

రెండింటిలో ఏది?

మొదట హైబ్రిడ్ తగునా తగదా అని తేల్చుకొనిన పిమ్మటనే ఈ ప్రశ్న వేయవలెను. హైరైడర్ ప్రకటిత మైలేజి 27.97. సిటీకి 2023లో ప్రకటించినది 27.13. విక్రయించువారు ఈ తేడాను గొప్పగా చెప్పుదురు. 10,000 కిలోమీటర్లకు మొదటిదానికి 358 లీటర్లు, రెండవదానికి 369 లీటర్లు. తేడా 11 లీటర్లు, సంవత్సరమునకు 1,100 రూపాయలు. నెలకు నూరు రూపాయలైనను లేదు. కనుక ఈ రెండింటి నడుమ మైలేజి నిర్ణాయకము కానే కాదు. వేరు విషయములను చూడవలెను.

ఇల్లు పల్లెలో నుండి, మట్టి దారిలోను గుంటలలోను పోవలసివచ్చువారికి నేలకు ఎత్తుగా నుండు హైరైడర్ వంటి బండి అనుకూలము. మోకాళ్ల నొప్పులు గల వృద్ధులకును ఎత్తైన ఆసనమున ఎక్కి దిగుట సులభము. ఎక్కువ భాగము మంచి రహదారిపైనను నగరములోను తిరుగువారికి సిటీ తగును. దాని మోటారు బలమెక్కువ. లారీని దాటి పోవలసినప్పుడు ఆ బలము అక్కరకు వచ్చును. రూపము పల్లముగా నుండుట వలన గాలి తాకిడియు తక్కువ. ముందున్న వాహనమును కెమెరాతో కనిపెట్టి హెచ్చరించు ఏర్పాటు దానికి 2022లో వెలువడిన నాడే కలదు.

రెండింటిలోను వెనుక భాగమున బ్యాటరీ యుండుటచే సామానుల చోటు తగ్గినది. పండుగకు తిరుపతి ప్రయాణము కట్టు కుటుంబము తన పెట్టెలను తీసికొనిపోయి అందులో పెట్టి చూచుట మేలు. నవ్వువారు నవ్వుదురు గాక. బ్యాటరీ పూచీ విషయమున రెండు కంపెనీల మాటయు ఒక్కటే: 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అది. సంవత్సరమునకు 40,000 తిరుగువారికి ఆ పూచీ నాలుగేండ్లకే తీరిపోవునని మరువరాదు. పైన చెప్పిన రెండవ కుటుంబపు లాభము ఆరంభమగు వేళకు పూచీ ముగియును. బ్యాటరీ మార్చవలసివచ్చిన ఎంతయగునో కొనునాడే వ్రాతమూలముగా అడిగి తెలిసికొనవలెను.

మరమ్మతు కేంద్రము ఎంత దూరమున కలదు అనునది కడపటిది గాని చిన్నది కాదు. ఈ బండ్లలో నారింజ రంగు తొడుగు గల తీగెలు కనబడును. వానిలో అధికమైన వోల్టేజి ఉండును. శిక్షణ లేని మెకానిక్కు వానిని తాకరాదు, యజమాని అసలే తాకరాదు. అందుచేత వీధి చివరి షెడ్డులో బాగుచేయించుకొను సౌకర్యము ఈ బండ్లకు తక్కువ. మంచి శిక్షణ గల కేంద్రము ధర్మపురిలో కలదా, సేలము లేక హోసూరు పోవలెనా అని ముందుగనే విచారింపవలెను.

విద్యార్థులకు ఒక పని

కారు లేని యింట ఈ వ్యాసమెందుకని ఎవరైనను అనుకొనవచ్చును. మన పొరుగున హోసూరులో టీవీఎస్ వారును, ఏథర్ వారును, కృష్ణగిరి జిల్లా పోచంపల్లి వద్ద ఓలా వారును విద్యుత్తుతో నడుచు ద్విచక్ర వాహనములను తయారుచేయు కర్మాగారములను నెలకొల్పిరి. నేడు ఎనిమిదవ తరగతి చదువు బాలికయో, బాలుడో రేపు అచ్చట పనిచేయవచ్చును. జనరేటరు, మోటారు, బ్యాటరీ అనునవి వారికి పరీక్షలో వ్రాయు మాటలు మాత్రమే కారాదు. చేతి పనిగా, అన్నము పెట్టు విద్యగా కావలెను. ఈ విషయములను మాతృభాషలో నేర్చిన బాలుడు తరువాత తమిళమునను ఆంగ్లమునను సులభముగా చెప్పగలడు. విషయము తెలిసినచో మాటలు దొరకును.

కనుక ఈ నెలలో ప్రతి విద్యార్థియు ఇంటిలోని మోటారు సైకిలునకో, మోపెడునకో ఈ లెక్క కట్టవలెను. టాంకును నిండుగా నింపించి మీటరులోని అంకెను వ్రాసికొనుము. కొన్ని దినములు యథాప్రకారము నడిచిన పిమ్మట మరల నిండుగా నింపించుము. తిరిగిన కిలోమీటర్లను రెండవ మారు పోసిన లీటర్లతో భాగించుము. వచ్చినది మీ యింటి దారిలోని నిజమైన మైలేజి. దానిని ప్రకటనలోని సంఖ్యతో పోల్చుము. తేడా ఎందుకు వచ్చినదో, ఎత్తులు, బరువు, నిలిచిన కూడళ్లు, టైర్లలోని గాలి మొదలగు కారణములను ఒక పుటలో వ్రాసి తరగతికి తెమ్ము. ఆ పుటను ముందుగా తల్లిదండ్రులకు చూపుము. రేపు ఇంటికి ఏ బండి వచ్చినను, ఆ నిర్ణయము నీవు వేసిన లెక్క మీద నిలుచును గాక.